తెలుగు బ్లాగుకు యాడ్‌సెన్స్ పనికొస్తుందా? నా అనుభవం

నేను పోకర్ అనే పేకాట గురించి తెలుగులో బ్లాగు రాస్తాను. ఉండేది హైదరాబాద్, తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషేధం కాబట్టి డబ్బు విలువ లేని ఉత్త చిప్స్‌తోనే (ఆట బిళ్ళలు) ఆడి, ఎక్కడ తప్పు చేశానో రాత్రి కూర్చుని రాసుకుంటాను.

మొదట ఒక చిన్న యాడ్ కంపెనీని నమ్ముకున్నాను, మూడు నెలలు ఇదిగో అదిగో అని తిప్పి పైసా ఇవ్వలేదు, ఆ కోపం ఇంకా పోలేదు.

తర్వాత యాడ్‌సెన్స్‌కి, అంటే బ్లాగులో ప్రకటనలు చూపించి మనకు డబ్బిచ్చే గూగుల్ సేవకి మారాను, 2018లో తెలుగును చేర్చుకోవడం నిజంగా పెద్ద మేలు. సంపాదన 10 డాలర్లు దాటాక ఇంటికి ఉత్తరం వచ్చింది, అంచులు చింపి విప్పితే లోపల మన చిరునామా సరిచూసుకోవడానికి ఆరంకెల పిన్, అది చూసి అమ్మ "ఇదేంట్రా, ఉద్యోగం వచ్చిందా?" అంది. 100 డాలర్లు నిండితేనే డబ్బు పంపుతారు, అదీ తర్వాతి నెల 21 నుంచి 26 లోపు. తెలుగు పేజీలకు రేటు తక్కువ, నాకు ఆ వంద నిండటానికి పదకొండు నెలలు పట్టింది, అయినా బ్యాంకు మెసేజ్ చూసిన రోజు కళ్ళు చెమర్చాయి.

ఓపిక ఉంటే తీసుకోండి. మీ యాడ్స్ మీరు మాత్రం నొక్కకండి, ఇంట్లోవాళ్ళకీ ముందే చెప్పండి, ఖాతా పోతుంది.