బెజవాడలో ఒక విమర్శకుడి కాగితాలు: బస, బీరువా, దుగ్గిరాల భోజనం

పాత కాగితాలు చూడ్డానికి విజయవాడ వెళ్లేవాళ్లకి ముందుగానే ఒక మాట. మీరు పనిచేసే చోటునుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించుకోండి. పెన్ను కాదు, పెన్సిలు పట్టుకెళ్లండి. ఫోటోకి ఎంత, దానికి రసీదు ఇస్తారా అన్నది మొదటి కాగితం ముట్టుకోక ముందే తేల్చుకోండి. నాకు ఒళ్లు మండింది ఈ మూడో విషయంలోనే.

నేను రాజమండ్రిలో డ్రాయింగ్ టీచర్ని. దామెర్ల రామారావు గ్యాలరీ ఉన్న ఊరు కాబట్టి బొమ్మల గురించి మాట్లాడే జనం మాకు కొత్త కాదు. రామారావు 1925లో ముప్ఫై నిండకుండానే పోయాడు, అయినా బొమ్మలు మిగిలాయి కాబట్టి మనిషీ మిగిలాడు. బొమ్మలు గీసినవాళ్ల సంగతి అలా ఉంటే, వాటిని గోడకెక్కించినవాళ్ల సంగతి వేరు. ప్రదర్శన పెట్టిందెవరు, పెట్టెలు రైలెక్కించిందెవరు, మర్నాడు పేపర్లో మంచీ చెడూ రాసిందెవరు? వాళ్ల ఫైళ్లు పాత పేపర్లవాడి తూకంలోకి పోతాయి. ఢిల్లీలో రిచర్డ్ బార్తలోమ్యూ అని బర్మాలో పుట్టిన విమర్శకుడు ఉండేవాడు, లలిత కళా అకాడమీకి కార్యదర్శిగా కూడా చేశాడు. 1985లో ఆయన పోయాక రాతలూ ఫోటోలూ ఇంట్లోవాళ్లు దాచబట్టి మిగిలాయి. మనవైపు అలా దాచిన ఇళ్లు తక్కువ. అందుకే, ఒక చిత్రకళా సంస్థకి చాలాకాలం కార్యదర్శిగా ఉంటూ పత్రికల్లో విమర్శలు రాసిన ఒకాయన కాగితాలు విజయవాడలో ఒక ట్రస్టు లైబ్రరీకి చేరాయని తెలియగానే ప్రయాణం పెట్టుకున్నాను. వాళ్ల కుటుంబం పేరు రాయొద్దంది కాబట్టి ఆయన్ని కార్యదర్శిగారు అనే అంటాను. లైబ్రరీ పేరు నేనే రాయడం లేదు, కారణం కిందకి వెళ్తే తెలుస్తుంది.

నాతో మావారు వచ్చారు. కొడుకు వెళ్తుంటే అమ్మవారి దర్శనం కలిసొస్తుందని అత్తగారూ బయల్దేరారు. రత్నాచల్ ఎక్కాం, దిగాం. రైలు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

లాడ్జి గురించి ఉంది. గాంధీనగర్‌లో, స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం. ఫోన్లో 1,499 అని చూపించింది. కౌంటర్లో మూడో మనిషికి పరుపు 350 అన్నాడు. ఏసీ రిమోట్‌కి 500 డిపాజిట్ అన్నాడు. సరే అన్నాం. ఆ చుట్టుపక్కల లాడ్జీల్లో చాలావాటికి ఇరవైనాలుగు గంటల లెక్క ఉంటుంది, వీళ్ల ప్రకటనలోనూ అదే ఉంది. సాయంత్రం ఏడుకి దిగినవాళ్లం మళ్లీ సాయంత్రం ఏడుదాకా నిశ్చింతగా ఉండొచ్చనుకుంటే పొద్దున్న తొమ్మిదికి తలుపు కొట్టారు. ‘ఇరవైనాలుగు గంటలు నాన్ ఏసీకండీ, ఏసీకి పదింటికి చెకౌట్.’ ఉంటే ఇంకో 700 కట్టాలట. బకెట్టుకి పట్టుకునే కమ్మీ లేదు, గీజరు స్విచ్చి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక. అత్తగారు రాత్రి తన చీర పరుచుకుని పడుకున్నారు. ‘అమ్మాయ్, రాజమండ్రిలో మన గొడ్లసావిడి నయం’ అని ఒకే మాట అని, టిఫిను దాకా మాట్లాడలేదు. మావారు 700 కట్టేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. గవర్నరుపేటలో ముగ్గురికీ కలిపి 1,350కి వేరే గది దొరికింది. ఏసీ లేదు, దుప్పట్లు ఉతికినవి, ఇరవైనాలుగు గంటలు అంటే ఇరవైనాలుగు గంటలే. చలికాలం వెళ్తే బెజవాడలో ఏసీ అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే అసలు వెళ్లకండి.

బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాక అత్తగారి నోట మాట వచ్చింది.

లైబ్రరీ బందరు రోడ్డుకి లోపల ఒక వీధిలో. నేను నెల ముందే మెయిలు పెట్టాను, రమ్మని జవాబూ వచ్చింది, దాన్ని ప్రింటు తీసి పట్టుకెళ్లాను. బల్ల దగ్గర గుమస్తా దాన్ని చదవనైనా చదవలేదు. ‘మెయిలు సారు చూస్తారు. నేను లెటర్‌హెడ్ చూస్తాను.’ సారెక్కడున్నారంటే క్యాంపు. బీరువా తాళం ఎవరి దగ్గరుందంటే రెండింటికి వచ్చే ఇంకొకరి దగ్గర. మావారు గొంతు పెంచారు. నేను మోచేత్తో పొడిచి, అమ్మగారిని కొండకి తీసుకెళ్లండని పంపేశాను. మా హెడ్మాస్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఎదురు జిరాక్సు షాపులో పది రూపాయలకి ప్రింటు తీయించి ఇస్తే గుమస్తా కళ్లకద్దుకున్నంత పనిచేశాడు. వాళ్ల లైబ్రరీ పంపిన జవాబు చెల్లదు గానీ మా హెడ్మాస్టరుగారి వాట్సాప్ చెల్లుతుంది!

రోజుకి 200 ప్రవేశ రుసుము, దీనికి రసీదు ఇచ్చారు. ఫోటోకి 20 అన్నారు, దీనికి ఇవ్వలేదు. గోడమీద బోర్డులో 5 అని ఉంది. అదేమిటంటే ‘పాత బోర్డండీ’ అన్నాడు. కొత్త బోర్డు ఏదని అడిగితే నవ్వాడు. 46 ఫోటోలకి 920 రూపాయలు కట్టాను. బోర్డు లెక్కన 230. మిగతా 690 ఎవరి జేబులోకి పోయిందో ఊహించడానికి మీకు నా సాయం అక్కర్లేదు.

ఇక కాగితాలు. బీరువా తెరవగానే కలరా ఉండల ఘాటు ముఖాన కొట్టింది. లోపల మూడు రకాల కట్టలు: ‘ఆఫీసు’, ‘రచనలు’, ‘ఇతరాలు’. ఎవరో ఓపిగ్గా అట్టలు వేసి, ట్యాగులు కట్టి, పేర్లు రాశారు. కానీ గుండుసూదులు తీయలేదు. తుప్పు పట్టి ప్రతి కాగితం మూలా ఎర్రటి మచ్చ దిగింది. చిరిగినచోట సెల్లోటేపు అంటించారు, అది బెల్లం రంగుకి తిరిగి అక్షరాలను తినేసింది. కొన్నిటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టారు, కృష్ణ ఒడ్డు తేమకి అవి లోపలే చెమ్మగిల్లాయి. కాగితాలు దాచేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే నా మనవి: సూదులు తీసేయండి, టేపు జోలికి పోకండి, నూలు గుడ్డలో కట్టండి.

‘ఆఫీసు’ కట్ట నాలుగు గంటలు చూశాను, కళ్లు తిప్పుకోలేకపోయాను. ప్రదర్శనకి పంపే ప్రవేశ పత్రాలు, వాటిలో బొమ్మ కొలతలు అంగుళాల్లో, నీటిరంగో తైలవర్ణమో, ధర ఎంతో. ధర గడిలో కొందరు ‘అమ్మకానికి కాదు’ అని రాశారు, ఒకాయన ధర వేసి, కొట్టేసి, సగం చేసి, దాన్నీ కొట్టేశాడు. రైల్వే పార్సిలు రసీదులు. అద్దం పగిలి వచ్చిన బొమ్మలకి నష్టపరిహారం కోసం రాసిన అర్జీలు. న్యాయనిర్ణేతల మార్కుల జాబితాలు, కూడికలో తప్పుతో సహా. పల్చటి కాగితాల మీద ఊదారంగు కార్బన్ కాపీలు, ‘మీ చిత్రం ఎంపిక కాలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము’ తరహావి, డజన్లకొద్దీ.

అప్పుడు గదిలో తుడవడానికి వచ్చిన ఆయమ్మ పక్కన నిలబడి చూసి, ‘ఆఫీసు కట్టా రచనల కట్టా ఒకే ట్రంకులో వచ్చినయమ్మా, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉండేయి, సార్లు కూర్చుని ఏరి విడదీశారు’ అంది. నాకు దిమ్మ తిరిగింది. ‘రచనలు’ కట్ట కూడా దింపమని, తేదీల ప్రకారం రెండూ పక్కపక్కన పరిచాను. ఒక కుర్రచిత్రకారుడి బొమ్మని తిరస్కరిస్తూ కార్యదర్శిగా సంతకం చేసిన కార్బన్ కాపీ ఇటు. మూడు వారాల తర్వాత అదే కుర్రాడి గీతని, అదే బొమ్మని మెచ్చుకుంటూ విమర్శకుడిగా రాసిన వ్యాసం చిత్తుప్రతి అటు. కమిటీ కాదన్నదాన్ని ఆయన పత్రికలో నిలబెట్టుకున్నాడన్నమాట. అధికారం చేతిలో ఉండి కూడా మార్కుల జాబితాని దిద్దలేదు, తిరస్కార పత్రం మీద సంతకం పెట్టాడు, ఇంటికెళ్లి తన అభిప్రాయం తన పేరు మీద రాసుకున్నాడు. చిత్తుప్రతిలో న్యాయనిర్ణేతల మీద ఒక పేరా ఉండి, అడ్డంగా కొట్టేసి ఉంది. ఆయన వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టుకోవడంలోనే ఈ కథంతా ఉంది. పద్ధతిగా సర్దుతున్నామనుకుని ఇద్దరు మనుషుల్ని చేసేశారు. ఆయమ్మకి వంద ఇచ్చాను, మొహమాటపడి తీసుకుంది. కేటలాగు రాయాల్సింది ఆమె.

సాయంత్రానికి మావారు బాపు మ్యూజియం చూసి వచ్చారు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి మొదలెట్టిన కట్టడం, 1921 కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చిన చోటు. నా లైబ్రరీకంటే అదే నయమని రాత్రంతా దెప్పారు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలవాడు ఒక ప్రదర్శన కేటలాగుకి 400 చెప్పి 150కి ఇచ్చాడు, ఆ బేరం ఆడింది మాత్రం మావారే.

కట్టల్లో దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి నుంచి చిత్రకారుడు, కళా విమర్శకుడు సంజీవదేవ్ రాసిన కార్డులు కొన్ని కనిపించాయి. 1914లో పుట్టి 1999లో పోయిన ఆ మనిషికి ఏ కుర్చీ లేదు, ఏ కార్యదర్శి పదవీ లేదు. కుర్రతనంలో హిమాలయాలకి పోయి, కులూలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి, తిరిగొచ్చి పల్లెటూళ్లో కూర్చుని దేశమంతా ఉత్తరాలు రాశాడు. రాసిన ఉత్తరం అందుకున్నవాడి ఇంట్లో ఉంటుంది కదా, అందుకని ఆయన కాగితాలు వెతకాలంటే పదిమంది కట్టలు విప్పాలి. ఆ ఊరు చూడాలనిపించి మర్నాడు తెనాలి వైపు ప్యాసింజరెక్కి దుగ్గిరాలలో దిగాం. తుమ్మపూడిలో కాలవ, అరటి తోటలు, పసుపు చేలు చూసి వెనక్కొచ్చాం. గొప్ప అంతా భోజనానిది.

దుగ్గిరాల పసుపు యార్డుకి పేరుపడ్డ ఊరు. ఒక పూరిపాక మెస్సులో విస్తరికి 120. దోసకాయ పప్పు, వంకాయ కారం పెట్టిన కూర, గోంగూర పచ్చడి, పక్కన పచ్చి ఉల్లిపాయ, ముద్దపప్పు మీద మెస్సు నడిపే ఆవిడే వచ్చి నెయ్యి వేసింది. గోంగూర మూడోసారి అడిగితే గిన్నె అక్కడే పెట్టేసి పోయింది. అత్తగారు పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు. ‘పెద్దామె తిన్నదెంత, అరవై ఇవ్వండి చాలు’ అంది. లాడ్జివాడి 350 పరుపు గుర్తొచ్చి అత్తగారు అక్కడే పెద్దగా నవ్వారు. ప్రయాణం మొదలయ్యాక మావారు విసుక్కోకుండా ఉన్నది ఆ మధ్యాహ్నమే.

గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి తప్పక వెళ్లండి. లక్షకి పైగా పుస్తకాలు, పాత పత్రికలు. బల్ల ఇచ్చారు, ఫ్యాను వేశారు, అడిగిన సంపుటాలు తెచ్చిపెట్టారు, ఒక్క రూపాయి అడగలేదు. చిత్తుప్రతిలో కొట్టేసిన పేరా అచ్చులోనూ లేదా అన్నది చూసుకునేవాళ్లకి ఇలాంటి చోటే పని జరుగుతుంది. గుంటూరు ఆటోవాళ్లు మాత్రం బస్టాండు నుంచి అక్కడికి 150 అంటారు, 80కి వస్తారు.

మొత్తం ఖర్చు ముగ్గురికీ కలిపి ఎనిమిది వేలకి కాస్త తక్కువ. ఫోటోల డబ్బుకి రసీదు ఇవ్వాలనీ, రెండు కట్టలకీ నేను తయారుచేసిన తేదీల జాబితాని బీరువాలో పెట్టుకోవాలనీ ట్రస్టుకి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. జవాబు లేదు. ‘ఇతరాలు’ కట్ట నేనింకా విప్పలేదు. సంక్రాంతి వెళ్లాక వెళ్తాను, ఈసారి రసీదు పుస్తకం బల్ల మీదికి వచ్చాకే ఫోను బయటికి తీస్తాను.