ఊరి డబ్బుతో బేస్‌బాల్ స్టేడియం: కట్టాలా, వద్దా?

కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పనుల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఉద్యోగం ఊళ్లో, ఇల్లు మాత్రం పక్క టౌన్లలో. 2016 వేసవిలో లంచ్ టైమ్‌లో మెయిన్ స్ట్రీట్ వెంట నడుస్తూ ఐ-84 హైవే దాటితే ఒక కొత్త స్టేడియం కనిపించేది. చుట్టూ జాలీ కంచె, గేటుకు తాళం. లోపల పనివాళ్లు లేరు, ఆటగాళ్లూ లేరు. జట్టు మాత్రం ఉంది. పేరు యార్డ్ గోట్స్. ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయింది.

అప్పటినుంచి ఏ ఊళ్లో మైనర్ లీగ్ స్టేడియం ప్రతిపాదన వచ్చినా నేను వివరాలు వెతికి చదువుతాను. ఊరు డబ్బు పెట్టాలా వద్దా అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. ఊళ్లు ఎంచుకున్న దారులు మాత్రం మూడు నాలుగే. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా ఈ వ్యాపారం సంగతి. మేజర్ లీగ్‌లో 30 జట్లు. వాటి కింద 120 మైనర్ లీగ్ జట్లు. మన రంజీ ఆటగాళ్లలా, పైకి వెళ్లాలని చూసే కుర్రాళ్లు వీటిలో ఆడతారు. వాళ్ల జీతాలు ఇచ్చేది పైనున్న మేజర్ లీగ్ జట్టు. ఊళ్లో టికెట్లు, హాట్‌డాగ్‌లు అమ్ముకునే స్థానిక యజమానికి ఆ భారం లేదు. ఇక మిగిలిన అతి పెద్ద ఖర్చు స్టేడియం. దాన్నే ఊరిని పెట్టుకోమంటారు. 2021కి ముందు మేజర్ లీగ్ దాదాపు 40 జట్లను వదిలేసి, మిగిలినవాటికి మైదానాల ప్రమాణాలు పెంచింది. దాంతో ఊళ్లకు టెన్షన్ మొదలైంది. బాగుచేయకపోతే జట్టు పోతుందేమోనని.

మొదటి దారి, హార్ట్‌ఫర్డ్ దారి: మొత్తం ఊరే అప్పు తెచ్చి కట్టడం. 5.6 కోట్ల డాలర్లు అన్నారు, 7.1 కోట్లు దాటింది. 2016 జూన్‌లో ఊరు బిల్డర్‌ను తీసేసింది, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి, ఆట మొదలైంది 2017 ఏప్రిల్‌లో. అదే ఏడాది ఊరు దివాలా పిటిషన్ గురించి ఆలోచించాల్సి వచ్చింది. దానికి స్టేడియం ఒక్కటే కారణమంటే అన్యాయం. ఆ ఊళ్లో సగానికి పైగా ఆస్తికి పన్నే లేదు: ప్రభుత్వ ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలు. అలాంటి ఊరు ఇంకో అప్పు నెత్తికెత్తుకోవడమే నాకు బాధ కలిగించేది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కనెటికట్‌లో ఊళ్లకు సొంత సేల్స్ టాక్స్ లేదు. స్టేడియంలో అమ్మే ప్రతి బీరు మీదా పన్ను రాష్ట్రానికి పోతుంది. ఊరికి వచ్చేది ప్రధానంగా ఆస్తి పన్ను. స్టేడియం ఊరిదే కాబట్టి దాని మీద అదీ రాదు. పైగా ఈ జట్టు వచ్చింది ఎక్కడినుంచో కాదు, పట్టుమని పది మైళ్లున్న న్యూ బ్రిటన్ నుంచి. రాష్ట్రం మొత్తంగా చూస్తే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, అంతే.

నేనే ఒక లెక్క వేసి చూశాను. యార్డ్ గోట్స్ ఆడే స్థాయిలో ఏడాదికి 69 హోమ్ మ్యాచ్‌లు. మిగతా 296 రోజులు ఆట ఉండదు. 7.1 కోట్లను 25 ఏళ్ల మ్యాచ్‌లకు పంచితే, వడ్డీ లేకుండానే మ్యాచ్‌కు 41 వేల డాలర్లు. సీట్లు 6 వేల పైచిలుకు. అంటే స్టేడియం నిండిన రోజున కూడా సీటుకు దాదాపు 7 డాలర్లు ఊరు భరిస్తున్నట్టే. ఆ సీట్లలో కూర్చునేది ఎక్కువగా మాలాంటి బయట టౌన్లవాళ్లం.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ స్టేడియం బాగుంటుంది. జూలై సాయంత్రం ఎండ వాలాక మూడో బేస్ వైపు కూర్చుంటే డౌన్‌టౌన్ భవనాల అద్దాల మీద వెలుతురు ఎర్రబడటం కనిపిస్తుంది. 2019 నుంచి అక్కడ వేరుశనక్కాయలు అమ్మడం మానేశారు, అలర్జీ ఉన్న పిల్లలు కూడా రావచ్చని. మా స్నేహితుల అబ్బాయికి ఆ అలర్జీ ఉంది. వాడు ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి భయం లేకుండా పాప్‌కార్న్ డబ్బాలో చెయ్యి పెట్టి తింటుంటే వాళ్లమ్మ మ్యాచ్ చూడలేదు, వాణ్నే చూస్తూ కూర్చుంది. ఇలాంటివి ఏ లెక్కలోకీ రావు, కానీ ఊరికి అవీ కావాలి. అందుకే ఈ ప్రశ్న కష్టమైనది.

రెండో దారి మసాచుసెట్స్‌లోని వూస్టర్‌ది. అప్పు ఊరిదే, కానీ దాన్ని స్టేడియం చుట్టూ లేచే కొత్త అపార్ట్‌మెంట్లు, హోటళ్ల ఆస్తి పన్నుతో తీరుస్తామన్నారు. హార్ట్‌ఫర్డ్ కంటే ఇది మేలైన ఆలోచనే, ఎందుకంటే అప్పు తీరే దారేదో ముందే చెబుతుంది. కానీ పోలార్ పార్క్ అనే ఆ స్టేడియం ఖర్చు మొదట అనుకున్న 10 కోట్ల లోపు నుంచి దాదాపు 16 కోట్ల డాలర్లకు చేరింది. చుట్టూ వస్తామన్న భవనాలు అనుకున్న టైమ్‌కు లేవలేదు. అప్పు వాయిదా మాత్రం చెప్పిన తేదీకే వస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కట్టని భవనం పన్నును ముందే ఖర్చు పెట్టుకుంటే తేడా వచ్చినప్పుడు మళ్లీ ఊరి ఖజానాయే దిక్కు.

మూడోది, వద్దనడం. వూస్టర్‌కు వచ్చిన జట్టు రోడ్ ఐలాండ్‌లోని పాటకెట్ వదులుకున్నదే. అక్కడి మెకాయ్ స్టేడియం 1942 నాటిది. 1981లో 33 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్ అక్కడే జరిగింది, ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంతకంటే పొడవైనది లేదు. మరి రోడ్ ఐలాండ్ ఎందుకు వెనకాడింది? బోస్టన్ మేజర్ లీగ్ జట్టు రెడ్ సాక్స్‌లో ఒకప్పుడు ఆడిన ఒక బౌలర్ పెట్టిన వీడియో గేమ్ కంపెనీకి ఆ రాష్ట్రం పూచీతో 7.5 కోట్ల డాలర్లు అప్పిస్తే, 2012లో అది దివాలా తీసింది. తెనాలి రామకృష్ణుడి పిల్లిలా ఆ రాష్ట్రానికి పాలగిన్నె చూస్తేనే భయం పట్టుకుంది. జట్టు వెళ్లిపోయింది. మెకాయ్‌ని కూల్చి ఆ స్థలంలో హైస్కూల్ కట్టేందుకు జనం ఓటేశారు. తాతతో, నాన్నతో అక్కడ కూర్చున్నవాళ్ల దుఃఖం నిజమైనది. కానీ నలభై ఏళ్లు రోజూ పిల్లలు వచ్చే స్కూలు ఆ నేల మీద ఉండటం చిన్న లాభమేం కాదు.

టెక్సస్‌లోని గ్రాండ్ ప్రెయిరీ కథ మనవాళ్లకు తెలిసినదే. ఓటర్లు ఒప్పుకున్న చిన్న సేల్స్ టాక్స్‌తో ఆ ఊరు కట్టిన బేస్‌బాల్ స్టేడియం 2008లో తెరుచుకుంది. అక్కడి జట్టు 2020కల్లా మూతపడింది. ఆ మైదానాన్నే క్రికెట్‌కు మార్చారు. 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్, 2024 జూన్ 6న పాకిస్తాన్‌ను అమెరికా సూపర్ ఓవర్‌లో ఓడించిన మ్యాచ్, రెండూ అక్కడే. డాలస్ తెలుగువాళ్లు కేకలేసిన ఆ గ్యాలరీలు ఒక బేస్‌బాల్ జట్టు వదిలేసి పోయినవి. జట్టు పోయినా స్థలం ఊరి చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఇంత మంచి అదృష్టం ప్రతి ఊరికీ పట్టదు, దాన్ని ప్లాన్‌గా రాసుకోలేం.

నార్త్ కరోలినాలోని డర్హమ్‌ను కూడా స్టేడియం కావాలనేవాళ్లు చూపిస్తారు. 1995లో కట్టిన స్టేడియం పక్కనే పాత సిగరెట్ ఫ్యాక్టరీ ఆఫీసులుగా మారింది, ఊరు తేరుకుంది. నిజమే. కానీ ఆ జట్టు యజమానే ఆ ఫ్యాక్టరీలో తన డబ్బు పెట్టాడు. చుట్టుపక్కల పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలు అప్పటికే ఉన్నాయి.

ఇక ఏది మేలంటే, నా మాట సూటిగా చెబుతాను. పన్నుల ఆదాయం బలహీనంగా ఉన్న ఊరు వద్దనడమే మేలు. బలం ఉన్న ఊరు స్థలం, రోడ్లు, డ్రైనేజీ ఇచ్చి, కట్టడం జట్టుకే వదలాలి. కట్టడంలోనూ వాటా పెట్టక తప్పదంటే ఊరి వాటా ఒక అంకె దగ్గర ఆగిపోవాలి, దాని మీద పెరిగిన ప్రతి డాలరూ యజమానిది కావాలి. చుట్టూ భవనాలు వస్తాయంటే, వాటిలో కొన్నయినా పునాది పడ్డాకే ఊరు సంతకం పెట్టాలి. స్థలం ఎప్పటికీ ఊరిదే అయి ఉండాలి. వూస్టర్ దారిని ఈ షరతులతో నడిపిస్తే నేను ఒప్పుకుంటాను, హార్ట్‌ఫర్డ్ దారిని మాత్రం ఎలాగూ ఒప్పుకోను.

మీ టౌన్‌లో ఇలాంటి స్టేడియం ప్రతిపాదన మీద జనం మాట వినే సభ పెడితే వెళ్లండి. మైక్ దగ్గర మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఉద్యోగాలెన్ని, టూరిస్టులెంతమంది అని అడిగితే ఆ నిమిషాలు రంగుల స్లైడ్లకే పోతాయి. ఖర్చు పెరిగితే ఎవరు కడతారో ఒప్పందంలో ఏ పేజీలో రాశారో చూపించమని అడగండి.