పాత కంప్యూటర్‌లో పేజీలు చకచకా తెరుచుకోవాలంటే: యూబ్లాక్ ఆరిజిన్

100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా ఒక వార్తల సైటు పూర్తిగా తెరుచుకునేసరికి టీ చల్లారిపోతోందంటే తప్పు చాలాసార్లు లైనుది కాదు, పేజీది. వార్త అక్షరాలు కొన్ని కేబీలకు మించవు. వాటి వెంట ప్రకటనలు, మన కదలికలు గమనించే ట్రాకర్లు, వాటంతటవే మొదలయ్యే వీడియోలు వేరే సర్వర్ల నుంచి వచ్చి పడతాయి. వాటితో వచ్చే చిన్న ప్రోగ్రాములను, అంటే స్క్రిప్టులన్నిటినీ, నడపాల్సింది మన ప్రాసెసరే. 4 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది. ప్లాన్ ఎంత పెంచుకున్నా ఈ బరువు తగ్గదు.

దీన్ని మొదట్లోనే ఆపేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ఉచిత ఎక్స్‌టెన్షన్ ఇది, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. సోర్స్ కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన విరాళాలు కూడా అడగరు. దిగిన ప్రకటనను కనబడకుండా దాచి ఊరుకోదు, దాన్ని పంపమని బ్రౌజర్ సర్వర్‌ను అడిగే రిక్వెస్టునే అసలు బయటికి పోనివ్వదు. వేగం వచ్చేది అందుకే.

ఫైర్‌ఫాక్స్‌లో మెనూ తెరిచి, ఎక్స్‌టెన్షన్ల పేజీలో వెతికి వేసుకోవాలి. పేరులో ‘ఆరిజిన్’ ఉండి తీరాలి, ఒట్టి ‘యూబ్లాక్’ వేరేవాళ్లది. అప్పటికే ఇంకో యాడ్ బ్లాకర్ ఉంటే తీసేయండి. రెండూ ఉంటే ప్రతి రిక్వెస్టుకూ రెండు తనిఖీలు జరుగుతాయి, సైటు చెడితే ఎవరి వల్లో తేలదు. తర్వాత డ్యాష్‌బోర్డులో (ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ పేజీ) ఏవి ఆపాలో చెప్పే ఫిల్టర్ లిస్టుల దగ్గర, ప్రాంతాల విభాగంలో భారతీయ భాషల సైట్ల కోసం ఉన్న ‘ఇండియన్‌లిస్ట్’కు టిక్ పెట్టి మార్పులు అప్లై చేయండి. బ్రౌజర్ భాష ఇంగ్లీషైతే అది దానంతటది ఆన్ కాదు. కనిపించిన లిస్టులన్నీ టిక్ చేయడం మాత్రం వద్దు, మెమరీ తినడంతో పాటు సైట్లూ విరుగుతాయి.

తేడా కొలవడం తేలిక. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబులో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ చేసి (ముందే దాచుకున్న కాపీని వాడకుండా) పేజీ రీలోడ్ చేయండి. కింద రిక్వెస్టులెన్ని, ఎన్ని ఎంబీలు దిగాయి, ఎన్ని సెకన్లు పట్టింది అన్నీ కనిపిస్తాయి. ఎక్స్‌టెన్షన్ ఐకాన్ నొక్కితే తెరుచుకునే పాపప్‌లోని పెద్ద పవర్ బటన్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి చూడండి. రిక్వెస్టుల సంఖ్యే అసలు సంగతి చెబుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు అదే పాపప్‌లో ఇంకో రెండు స్విచ్‌లున్నాయి. పెద్ద మీడియాను ఆపేది 50 కేబీ దాటిన బొమ్మలను దిగనివ్వదు, కావాల్సిన బొమ్మ మీద క్లిక్ చేస్తే అదొక్కటే వస్తుంది. సైటు పంపే ఫాంట్లను ఆపేది ఇంకోటి. అది ఆన్ చేస్తే విండోస్ 10లో తెలుగు నిర్మలా యూఐలో కనబడుతుంది, చదవడానికి ఇబ్బందేమీ లేదు. లైనక్స్‌లో ముందుగా నోటో వంటి తెలుగు ఫాంటు వేసుకోకపోతే అక్షరాల బదులు డబ్బాలు మిగులుతాయి. కొన్ని సైట్ల బటన్లపై గుర్తులు కూడా ఫాంట్ల నుంచే వస్తాయి కాబట్టి అవి మాయమవుతాయి.

అసలు వేగం కావాలంటే సెట్టింగ్స్‌లో ‘అడ్వాన్స్‌డ్ యూజర్’ టిక్ చేసి, పాపప్ గళ్లలో థర్డ్ పార్టీ (వేరే డొమైన్ల నుంచి వచ్చే) స్క్రిప్టులనూ, ఫ్రేములనూ (పేజీలో తెరుచుకునే ఇంకో పేజీ) ఎరుపు చేసి ఆపేయాలి. పాత యంత్రానికి ఊపిరి తిరిగొస్తుంది. కానీ చాలా సైట్లు మొదటిసారి విరుగుతాయి. విరిగిన సైటులో ఆ గళ్లను బూడిదరంగుకు మార్చి తాళం గుర్తు నొక్కాలి. నొక్కకపోతే బ్రౌజర్ మూసి తెరిచేసరికి నియమం పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌లో ఈ పద్ధతి పెట్టకండి, మామూలు సెట్టింగ్ చాలు.

ఎక్కువ ప్రమాదం చెల్లింపుల దగ్గర. బ్యాంకు ఓటీపీ పేజీ తరచుగా వేరే డొమైన్ ఫ్రేములో తెరుచుకుంటుంది, అది ఆగితే తెల్ల తెరే మిగులుతుంది. అప్పుడు పవర్ బటన్ నొక్కి రీలోడ్ చేస్తే లావాదేవీ మధ్యలో తెగొచ్చు. అందుకని కరెంటు బిల్లయినా, రైలు టికెట్టయినా మొదటి పేజీలోనే పవర్ బటన్‌తో ఎక్స్‌టెన్షన్‌ను ఆపేసి మొదలుపెట్టండి.

క్రోమ్ వాడేవాళ్లకు ఇదే సరుకు దొరకదు. పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతి మానిఫెస్ట్ వీ2ను గూగుల్ 2025లో తీసేసింది. మిగిలింది యూబ్లాక్ ఆరిజిన్ లైట్. వడపోత పనిని బ్రౌజర్‌కే అప్పగిస్తుంది కాబట్టి తేలికగా ఉంటుంది, సాధారణ వాడకానికి బాగానే పనిచేస్తుంది. అయితే ఎరుపు, బూడిద గళ్ల పట్టిక ఇందులో ఉండదు. ఫిల్టర్లు కూడా ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే వస్తాయి, కొత్త ప్రకటన కొన్నాళ్లు కనబడుతుంది. సైటు సొంత సబ్‌డొమైన్‌లా నటించే ట్రాకర్ల అసలు పేరు కనిపెట్టడం ఫైర్‌ఫాక్స్‌లోని పూర్తి యూబ్లాక్ ఆరిజిన్‌కే సాధ్యం. పాత కంప్యూటర్ కోసమైతే బ్రౌజర్ మార్చడమే మేలని నా గట్టి అభిప్రాయం.

వైఫై సిగ్నల్ బలహీనంగా ఉన్నా, వేరే ప్రోగ్రాములతో ర్యామ్ నిండి హార్డ్ డిస్కు గరగరలాడుతున్నా ఇది ఏమీ చేయలేదు. ప్రకటనల మీదే బతికే చిన్న తెలుగు సైటు మీకు ఇష్టమైతే, దానికి మాత్రం పవర్ బటన్ ఆపి ఉంచండి. ఆ ఎంపిక సైటు పేరుతో గుర్తుంటుంది, ప్రతిసారీ నొక్కనక్కర్లేదు.