ఫ్రైఫుంక్: జర్మనీ ఉచిత వైఫై, దాని సొరంగం కథ

జర్మనీలో వైఫై జాబితాలో "ఫ్రైఫుంక్" అన్న పేరు కనిపిస్తే నొక్కి వాడుకోవచ్చు. పాస్‌వర్డ్ ఉండదు, ఓటీపీ రాదు, ప్రకటనలుండవు. ఊరూరా ఉన్న స్వచ్ఛంద బృందాలే దీన్ని నడుపుతాయి. మెయిల్‌కి, మ్యాపులకి, వాట్సాప్‌కి ఢోకా లేదు. వీడియో కాల్ మాత్రం ఆ రోజు అదృష్టాన్ని బట్టి.

నెట్ అలా నెమ్మదించడానికి సగం కారణం చట్టమే. వైఫైకి సరైన తాళం వెయ్యకపోతే, దాని మీదుగా పరాయివాళ్లు అనుమతి లేకుండా పాట పంచుకున్నా, హక్కుదారు పంపే లాయరు నోటీసు ఖర్చు యజమానిదేనని 2010 మేలో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ దెబ్బ ఇంటివాళ్లకు తగలకుండా బృందాలు ట్రాఫిక్‌ను వీపీఎన్ సొరంగంలో (ఇంటి రూటరు నుంచి సర్వరు దాకా వేసిన ప్రత్యేక దారిలో) తమ సర్వరుకు లాగి, అక్కణ్ణుంచి బయటికి వదిలాయి. 2017 అక్టోబరు 13న వచ్చిన సవరణ ఆ ఖర్చుల బాధ్యత తీసేసింది, 2018 జులైలో కోర్టూ దాన్ని నిలబెట్టింది. భయం పోయింది గానీ చాలాచోట్ల సొరంగం మిగిలింది.

మెలిక ఇంకొకటుంది. తన హక్కుకు భంగం కలిగితే హక్కుదారు ఫలానా సైటును ఆపించమని వైఫై యజమానిని అడగవచ్చు. అవసరమైతే అది పాస్‌వర్డ్ పెట్టించే దాకా, చివరికి వైఫై మూయించే దాకా పోవచ్చని అదే తీర్పు చెప్పింది. ఈ నిబంధన 2024 నాటి జర్మన్ డిజిటల్ సేవల చట్టంలోనూ ఉంది. తాళంలేని వైఫైకి ముందుముందు చిక్కు వస్తే ఇక్కణ్ణుంచే.

సొంతంగా నోడ్ (ఫ్రైఫుంక్ వైఫై ఇచ్చే రూటరు) పెట్టేవాళ్లు పాత టీపీ-లింక్ 841ఎన్ రూటరు చవగ్గా దొరికిందని కొనొద్దు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్‌లో కొత్త గ్లూఆన్ ఫర్మ్‌వేర్ (ఫ్రైఫుంక్ రూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్) పట్టదు; దాని ప్రాసెసరు సొరంగాన్ని 10 ఎంబీపీఎస్ దగ్గరే ఆపేస్తుంది. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్నది తీసుకోండి. మీ ఊరి బృందం ఇచ్చే ఫర్మ్‌వేరే ఎక్కించి, రీసెట్ బటన్ మూడు సెకన్లు నొక్కి, ల్యాన్ పోర్టులో కంప్యూటర్ పెట్టి బ్రౌజరులో 192.168.1.1 తెరవండి. నోడ్ పేరు, వేగ పరిమితి అక్కడే. పరిమితి పెట్టకపోతే సాయంత్రం మీ ఇంట్లోనే నెట్ ఆగుతుంది.

తర్వాత ఇంటి రూటరు నుంచి వచ్చే తీగను నోడ్ వ్యాన్ పోర్టులోనే (బయటి ఇంటర్నెట్ వచ్చేది) గుచ్చాలి. ల్యాన్‌లో గుచ్చితే మీ ఇంటి నెట్‌వర్కూ, ఊరి మెషూ (నోడ్లన్నీ కలిసిన వల) ఒకే నెట్‌వర్కు అయిపోయి, ఇంట్లో పరికరాలు అటు నుంచి ఐపీలు (నెట్‌వర్కు చిరునామాలు) తెచ్చుకుంటాయి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఫ్రైఫుంక్ వాడేవాళ్లు తమ ల్యాప్‌టాప్‌లో ఫైల్ షేరింగ్ (పక్క పరికరాలకు ఫైళ్లు కనిపించే సెట్టింగు) ఆపేసుకోవాలి. మీ పరికరానికీ నోడ్‌కీ మధ్య గాలిలో సాధారణంగా ఎన్‌క్రిప్షన్ ఉండదు, సైటు చిరునామాలో కనిపించే హెచ్‌టీటీపీఎస్ లాంటివే రక్ష.

(మన దేశంలో 2020 డిసెంబరులో ఆమోదం పొందిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకంలో దుకాణదారుకు లైసెన్సు అక్కర్లేదు గానీ వాడేవాళ్లు యాప్‌లో నమోదు కావాల్సిందే.)

నోడ్ పెట్టేముందు మీ ఇంటర్నెట్ కంపెనీ ఒప్పందం చదవండి. కనెక్షన్ బయటివాళ్లకు ఇవ్వకూడదని అందులో ఉంటే, 2017 సవరణ అక్కడ అక్కరకు రాదు.