స్కాఫోల్డింగ్ టూల్స్ రివ్యూ: భాషను ఎన్ని చోట్ల మార్చాలి?

కొత్త వెబ్ ప్రాజెక్టుకు కావాల్సిన ఫైళ్లను ముందే పేర్చి ఇచ్చేవి స్కాఫోల్డింగ్ టూల్స్: కమాండ్ కొట్టగానే ఫోల్డర్లన్నీ సిద్ధం. కట్టబోయేది తెలుగు సైటైనా ఫైళ్లలో భాష మాత్రం ఇంగ్లీషే. డిఫాల్ట్‌గా ఏదో ఒకటి ఉండాలి కాబట్టి అంతవరకూ తప్పనలేం. ఆ ఇంగ్లీషు ఎన్ని చోట్ల రాసి ఉంది, మార్చడం మరిచిపోతే టూల్ నోరు విప్పుతుందా అన్నదే ఇక్కడ చూశాం.

వీట్, నెక్స్ట్ జేఎస్‌లకు 5 మార్కులకు 1. వీట్ ఇండెక్స్ ఫైల్లో, నెక్స్ట్ లేఅవుట్ ఫైల్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగులోనే, పేజీ ఏ భాషలో ఉందో చెప్పే ల్యాంగ్ విలువను "ఈఎన్" (ఇంగ్లీషు) అని నేరుగా రాసేస్తాయి. టైప్‌స్క్రిప్ట్ కావాలా అని అడుగుతాయి గానీ భాష ఊసెత్తవు. బిల్డ్ ఆగదు, ఎర్రర్ రాదు, పేజీ కంటికి బాగానే ఉంటుంది. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం తెలుగు పేరాను ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది, ఒక్కోసారి మొత్తం మింగేస్తుంది. పేజీ భాష సరిగ్గా చెప్పడం వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలనే ప్రమాణాల్లో (డబ్ల్యూసీఏజీ) 3.1.1, అంటే కనీస స్థాయి నియమం. మార్చాల్సింది రెండక్షరాలే: "టీఈ". (తొందరలో "టీఎల్" కొడితే అది ఫిలిప్పీన్స్ భాష తగలోగ్.)

క్రియేట్-వ్యూ ఇప్పుడు ఆ విలువను ఖాళీగా వదిలేస్తోంది. ఖాళీ అంటే 'భాష తెలియదు' అని లెక్క. అబద్ధం కంటే నయం, అందుకే 2.

జాంగోకు 3. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కోడ్ "ఈఎన్-యూఎస్" అని వస్తుంది. దాన్ని "టీఈ" చేస్తే అడ్మిన్ పేజీలు అనువాదం ఉన్నంత మేరకు తెలుగులోకి మారతాయి, వాటి ల్యాంగ్ కూడా మారుతుంది. మీ సొంత టెంప్లేట్లు మారవు, వాటిలో గెట్ కరెంట్ లాంగ్వేజ్ ట్యాగుతో విలువను మీరే తెచ్చుకోవాలి. పైగా చూసేవారిని బట్టి భాష ఎంచే లొకేల్ మిడిల్‌వేర్ పెట్టారంటే బ్రౌజర్ పంపే భాషదే పైచేయి, మీ సెట్టింగ్ చివరి దిక్కు. సైటుకు తెలుగొక్కటే చాలనుకుంటే దాన్ని పెట్టకండి. భాష కోడ్‌లో హైఫన్ బదులు అండర్‌స్కోర్ వాడితే జాంగో చెక్ కమాండ్ పట్టిస్తుంది, అది మెచ్చుకోవాల్సిన విషయం.

లారవెల్‌కు 4. దాని వెల్కమ్ పేజీ ల్యాంగ్ విలువను కాన్ఫిగ్ (సెట్టింగులు) నుంచే తీసుకుంటుంది, అండర్‌స్కోర్‌ను హైఫన్‌గా కూడా మార్చుకుంటుంది. లారవెల్ 11 నుంచి ఎన్వ్ ఫైల్లో యాప్ లొకేల్ ఒక్క లైను మారిస్తే చాలు. మార్చినా ఇంగ్లీషే కనిపిస్తోందంటే పాత కాన్ఫిగ్ కాష్‌లో ఉండిపోయినట్టు, కాన్ఫిగ్ క్లియర్ కొట్టండి. తెలుగు సందేశాల ఫైళ్లు మాత్రం దానితో రావు. ల్యాంగ్ పబ్లిష్ కమాండ్ నడిపి, ఇంగ్లీషు ఫోల్డర్‌ను కాపీ చేసి, "టీఈ" అని పేరు పెట్టి అనువదించుకోవాలి. ఆ పని ఎగ్గొడితే అనువాదం లేనప్పుడు వాడే ఫాల్‌బ్యాక్ భాష ఇంగ్లీషు కాబట్టి తెలుగు పేజీలో ఫారం ఎర్రర్లు ఇంగ్లీషులో వస్తాయి. అప్పుడు స్క్రీన్ రీడర్‌కు తిరగబడ్డ చిక్కు: ఇంగ్లీషును తెలుగు గొంతుతో చదువుతుంది.

ఏ టూలైనా, బిల్డ్ అయ్యాక వచ్చిన పేజీ సోర్స్ తెరిచి ల్యాంగ్ చూడండి. 404, 500 లాంటి ఎర్రర్ పేజీలు విడి ఫైళ్లుగా ఉంటే వాటినీ తెరవండి, "ఈఎన్" ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే.