లైసెన్స్ అడిగే బండా, అడగని బండా: ఏది మేలు?

మా అమ్మాయికి పదిహేడు నిండినాయి. తిరుపతిలో మేముండే బైరాగిపట్టెడ నుంచి కాలేజీకి రెండు ఆటోలు మారి పోతుంది. పోయిన నెలలో ఒక సాయంత్రం అంగడి వాళ్ళిచ్చిన రంగు కాగితం తెచ్చి నా ముందర పరిచింది. బ్యాటరీ బండి. "దీనికి లైసెన్స్ అక్కర్లేదు నాయనా. రిజిస్ట్రేషన్ కూడా లేదంట. రేపే కొనుక్కోవచ్చు" అనింది. ఇంకో దారి, పది నెలలు ఓపిక పట్టి, పద్దెనిమిది నిండినాక ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకునేందుకు ఇచ్చే లైసెన్స్, తీసుకుని, లైసెన్స్ చేతికొచ్చాక మామూలు స్కూటర్ కొనడం. ఏది మేలో ఆలోచించి చెప్తాను అన్నాను. ఆలోచిస్తుంటే మా నాయన రేడియో లైసెన్స్ పుస్తకం గుర్తొచ్చింది. మా ఇంట్లోకి లైసెన్స్ అనే మాట మొదట వచ్చింది దానితోనే.

చిత్తూరు గిరింపేటలో మాకు ఒక మర్ఫీ రేడియో ఉండేది. దానికి తోడు అరచేతిలో పట్టేంత పుస్తకం. లోపలి పేజీల్లో ఏడాదికొక స్టాంపు అంటించి, దాని మీద పోస్టాఫీసు గుండ్రటి ముద్ర కొట్టేవాళ్ళు. ముద్ర సరిగా పడకపోతే నాయన కౌంటరు దగ్గరే నిలబడి మళ్ళీ కొట్టించుకునేవాడు. ఏడాదికి 15 రూపాయలు. టీవీ ఉన్నవాళ్ళకు 50. గడువు దాటితే పైన జరిమానా. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా రేడియో ఇంట్లో పెట్టుకోవడమే నేరం. వినడం దాకా కూడా పోనక్కర్లేదు. పుస్తకం పోతే పోలీసులు వస్తారని మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనకాల దాచేది. 1980లో ఒకటి రెండు బ్యాండ్ల చిన్న సెట్లకు ఈ లైసెన్స్ తీసేశారు. 1980ల మధ్యలో మిగతా రేడియోలకూ టీవీలకూ కూడా పోయింది.

ఆ పుస్తకం నాయనను అడిగింది డబ్బు ఒక్కటే. ఆ డబ్బుతోనే కదా ఆకాశవాణి నడిచింది, పొద్దున్నే వ్యవసాయం కబుర్లు విన్నాం అనేవాళ్ళున్నారు. అది నిజమే, కొట్టిపారేయలేను. కానీ ఆ పుస్తకం వల్ల పక్కింటి వాళ్ళకు ఒరిగిన భద్రత ఏమీ లేదు. రేడియో ఎవరినీ గుద్దదు. అలాంటి దానికి ఒక మనిషి సగం రోజు కూలి పోగొట్టుకుని పోస్టాఫీసు వరసలో నిలబడాల్సి రావడం అన్యాయం. అది పోవడమే మంచిదని నా అభిప్రాయం.

సైకిలు సంగతి కొంచెం నయం. మునిసిపాలిటీకి పన్ను కట్టి తెచ్చుకున్న లైసెన్స్ రేకు బిళ్ల ముందు చక్రం దగ్గర బిగించుకునేవాళ్ళు. బిళ్లతో పాటు రాత్రిపూట దీపం ఉండాల్సిందే, వెనకాల ఇంకొకరిని ఎక్కించుకోకూడదు. దీపం లేకుంటే పోలీసు ట్యూబులో గాలి తీసేసేవాడు. డైనమో కొనలేని రోజుల్లో మా చిన్నాన్న ఒక చేత్తో టార్చి పట్టుకుని సంతపేట నుంచి ఇంటికి తొక్కుకుంటూ వచ్చేవాడు. దీపం నియమం ప్రాణాలు కాపాడేదే. బిళ్ల మాత్రం ఉత్త వసూలు. రెండింటినీ కలిపి చూసేసరికి జనానికి దీపం మీద కూడా చిరాకు పుట్టింది.

ఇక డ్రైవింగ్ లైసెన్స్. 1939 నాటి చట్టం పోయి 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇది పుస్తకంలో స్టాంపు అంటించే రకం కాదు, పరీక్ష పెడుతుంది. మొదట ఎల్ఎల్ఆర్ కోసం రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలు, నూటికి అరవై వస్తే పాస్. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు ఆగి, ఆ గడువు లోపల బండి నడిపి చూపించాలి.

నేను మొదటిసారి ఫెయిలయ్యాను. మైదానంలో సున్నంతో ఎనిమిది గీసి ఉంది. మొదటి సున్నా తిరిగి రెండోదాని మలుపులోకి పోతుండగా బండి ఒరిగింది, ఎడమ కాలు నేలకు ఆనించాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కాగితం మీద గీత కొట్టి "నేర్చుకుని రా అబ్బయ్యా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఖాళీ స్థలంలో రెండు ఇటుకలు పెట్టుకుని వాటి చుట్టూ తిరిగాను. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద కాలు ఆనించి, చూపు చక్రం ముందర కాకుండా మలుపు చివరకు పెడితే బండి దానంతటదే తిరుగుతుందని అప్పుడు తెలిసింది. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు నేటికీ నా చూపు మలుపు చివరకే పోతుంది.

నాతో పాటు వచ్చిన స్నేహితుడికి మాత్రం ఏజెంటు ద్వారా బండి ఎక్కకుండానే లైసెన్స్ వచ్చేసింది. ఆ ఆఫీసు ఏదో ఇప్పుడు చెప్పను. కానీ ఆ కార్డు మా నాయన రేడియో పుస్తకం లాంటిదే, డబ్బుకు వచ్చిన ముద్ర. రేడియో పుస్తకం దొంగదైతే ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. ఇది దొంగదైతే లీలామహల్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతున్న ఏ ముసలమ్మకో తగులుతుంది.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకుని బ్యాటరీ బండి అంగడికి పోయాను. నియమం ఇది: మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే లైసెన్స్, నంబరు ప్లేటు, ఇన్సూరెన్స్ అడగరు. నేను వేగం తక్కువ కదా అనేసరికి అంగడి అబ్బాయి నవ్వి "ఒక వైరు తీసేస్తే 45 పోతుంది సార్, అందరూ తీయించుకుంటారు" అన్నాడు.

నా నిర్ణయం సగం అక్కడే అయిపోయింది. వైరు తీసిన క్షణం నుంచి అది మోటారు వాహనమే. నంబరు లేదు, ఇన్సూరెన్స్ లేదు, నడిపే పిల్లకు లైసెన్స్ లేదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా నడిపితే జరిమానా 500 నుంచి 5,000కు పెరిగింది. మైనరు నడిపి దొరికితే తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఆ పిల్లకు ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇవన్నీ అటుంచి, ఎవరినైనా గుద్దితే ఆసుపత్రి ఖర్చు మొత్తం మన జేబులోంచే. వైరు తీయకపోయినా ఇన్సూరెన్స్ లేని మాట వాస్తవమే. పైగా శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద యాత్రికుల బస్సులూ జీపులూ దూసుకుపోతుంటే, పాతిక వేగంతో పక్కన పోయే పిల్లను తలుచుకుంటేనే నాకు గుండె దడ.

అయినా ఆ బండిని చెడ్డదని అనను. మా అక్కకు యాభై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, లైసెన్స్ ఎప్పుడూ తీయలేదు. పొద్దున్నే రైతుబజారుకు పోయి ఆకుకూరలు తెచ్చుకోవడానికి, సందుల్లోనే తిరగడానికి ఆమెకు ఇంతకంటే మంచి బండి లేదు. ఆమెకు నేనే కొనమని చెప్పాను, వైరు ముట్టుకోనీయొద్దని, హెల్మెట్ ఎవరూ అడగకపోయినా పెట్టుకోమని కూడా చెప్పాను. దూరం తక్కువ, వేగం అక్కర్లేదు, నడిపేది పెద్ద మనిషి అయితే లైసెన్స్ అడగని బండే మేలు. రోజూ పెద్ద రోడ్డు మీద పోవాల్సిన పిల్లకు లైసెన్స్ అడిగేదే మేలు, అదీ పరీక్ష నిజంగా రాస్తేనే, నిజంగా నడిపి చూపిస్తేనే.

పదహారేళ్ళకే లైసెన్స్ ఇస్తారు కదా అని మా అమ్మాయి వాదించింది. ఇస్తారు, తల్లిదండ్రుల సమ్మతితో, గేర్లు లేని 50 సీసీ లోపు బండికి. అలాంటి బండి ఇప్పుడు ఏ షోరూంలో చూపిస్తారమ్మీ అని అడిగితే ఫోను తీసి చాలాసేపు వెతికి, పక్కన పెట్టేసింది.

"అయితే పది నెలలూ ఆటోలేనా నాయనా?"

ఆటోలు కాదు, సైకిలు కొనిచ్చాను. ముందూ వెనకా దీపాలు పెట్టించాను. ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో ఎనిమిది గీసి తిప్పిస్తున్నాను. మొదటి వారం కాలు నాలుగుసార్లు కింద పెట్టింది. మొన్న ఒక్కసారే పెట్టింది. పుట్టినరోజు మాఘమాసంలో. ఆ వారమే ఎల్ఎల్ఆర్‌కు దరఖాస్తు చేయించాలని ఆధార్, టెన్త్ మార్కుల మెమో ఇప్పుడే తీసి బీరువాలో ఒక కవరులో పెట్టాను. ఏజెంటు నంబరు ఇస్తామన్న వాళ్ళకు వద్దని చెప్పాను.