అరిగిన గ్రాఫిక్స్ కార్డు కొని మూడేళ్లు వాడిన తర్వాత

నేను కొన్న ఆర్‌టీఎక్స్ 3080 కార్డును మొదటిసారి చూసిన మిత్రుడు, దీన్ని ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవడానికి ఆలోచిస్తానన్నాడు. ఫ్యాన్ల చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు నిండా గీతలున్నాయి, వెనక పలక ఒక మూల వంగి ఉంది, దాని స్క్రూలలో ఒకటి లేనే లేదు, కేబినెట్‌కు బిగించే ఇనుప పట్టీ అంచున తుప్పు పట్టింది, మూడు ఫ్యాన్లలో మధ్యది తిరిగినప్పుడు గరగరమంటోంది. అమ్మిన వ్యక్తి ప్రకటనలో ‘బాగా వాడినది, పనిచేస్తుంది’ అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాడు. అడిగినప్పుడు మాత్రం మైనింగ్‌లో, అంటే క్రిప్టో కరెన్సీ సంపాదించడానికి ఎడతెరిపి లేకుండా లెక్కలు చేయించే పనిలో, వాడానని దాచకుండా చెప్పాడు. 2022 చివర కొన్న ఆ కార్డే ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉంది. ఈ మూడేళ్లలో అది నన్ను ఇబ్బంది పెట్టిన సందర్భాలు లేకపోలేదు కానీ, కొన్న రోజున కంటికి కనిపించిన లోపాలలో ఫ్యాను తప్ప మరేదీ వాటికి కారణం కాదు.

ఆ సమయంలోనే కొనడానికి ఒక కారణం ఉంది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ వ్యవస్థ, మైనింగ్ అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారడంతో, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఒక్క రోజులో ముగిసిపోయింది. అంతకు ముందు దొరకడమే గగనమైన కార్డులు ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా కనిపించాయి. 2020 సెప్టెంబరులో వచ్చిన 3080లో 8704 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), 320 బిట్ల బస్సు (మెమరీకి డేటా దారి) మీద 10 జీబీ జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉంటాయి. 2022 జనవరిలో ఇదే పేరుతో 12 జీబీ రకం కూడా వచ్చింది. దాని కోర్ల సంఖ్య, బస్సు వెడల్పు రెండూ వేరు. అమ్మకపు ప్రకటనలలో ఈ రెండింటినీ కలగాపులగం చేయడం మామూలే కనుక, పేరును కాకుండా జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలను నమ్మాలి.

మైనింగ్ కార్డు అనగానే ‘పిండి పిప్పి చేసినది’ అనే మాట వినిపిస్తుంది. నేను దానితో పూర్తిగా ఏకీభవించను. లాభం కోసం మైనింగ్ చేసేవారు విద్యుత్తు ఖర్చు తగ్గించుకోవడానికి చిప్ వోల్టేజీని తగ్గించి నడుపుతారు, పైగా కార్డు రోజుల తరబడి దాదాపు ఒకే వేడి దగ్గర ఉంటుంది. ఆటలాడేవారి కార్డు రోజుకు పలుమార్లు వేడెక్కి చల్లారుతూ, వ్యాకోచ సంకోచాలతో టంకం అతుకుల మీద మరో రకమైన ఒత్తిడి పెడుతుంది. అయితే ఎథీరియం మైనింగ్ బరువంతా మెమరీ మీదే పడేది, జీడీడీఆర్6ఎక్స్ చిప్పులు స్వభావతః వేడివి, వాటి జంక్షన్ (చిప్పు లోపలి) ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల మైనింగ్ చేసిన 3080ని పరీక్షించేటప్పుడు ముందుగా అనుమానించవలసింది మెమరీని, మెమరీ చిప్పులకూ హీట్‌సింక్‌కూ (వేడిని లాగేసే లోహపు భాగానికి) మధ్య ఉండే, వేడిని చేరవేసే మెత్తని థర్మల్ ప్యాడ్లను.

కొనేముందు అమ్మినవాడి కంప్యూటర్‌లోనే సుమారు గంటసేపు పరీక్షించాను. టార్చి వెలుగులో కార్డు స్లాటులో కూర్చునే భాగాన్ని, ముఖ్యంగా తాళం కొక్కెం పక్కనున్న మూలను, పరిశీలించాను. బరువైన మూడు ఫ్యాన్ల కార్డులు ఆసరా లేకుండా ఏళ్ల తరబడి వేలాడితే బోర్డు చిట్లేది సాధారణంగా అక్కడే. వెంట్రుకంత చీలిక కనిపించినా వదిలేసి వచ్చేయడం మంచిది. బోర్డు మీద అక్కడక్కడ నూనె జిడ్డు ఉంది. అది థర్మల్ ప్యాడ్ల నుంచి కారిన సిలికాన్ నూనె; దానంతట అది హాని చేయదు కానీ, ప్యాడ్లు చాలా వేడి చూశాయని సాక్ష్యం చెబుతుంది. తర్వాత ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లోని వీడియో మెమరీ పరీక్షను అరగంట నడిపాను. అది ఒక్క తప్పు చూపినా కార్డు వద్దని ముందే నిర్ణయించుకున్నాను, ఎందుకంటే ఫ్యాను మార్చుకోవచ్చు, చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పేస్టు మార్చుకోవచ్చు, మెమరీ చిప్పు మార్చడం మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. తప్పుల లెక్క సున్నా దగ్గరే నిలిచింది. మెమరీ వేడి మాత్రం పది నిమిషాలలోపే 108కి చేరింది. ఆ అంకె చూసి అమ్మినవాడు కాస్త ఇబ్బంది పడ్డాడు. నాకు మాత్రం సంతోషమే కలిగింది, ఎందుకంటే లోపం ఎక్కడుందో తెలిసిపోయింది, అది బాగుచేయగల లోపం, పైగా బేరానికి ఒక ఆధారం.

పరీక్షలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. మానిటర్‌ను ఒకే డిస్‌ప్లేపోర్టుకు తగిలించి చూసి తృప్తిపడ్డాను. నాలుగు నెలల తర్వాత రెండో మానిటర్ కొన్నప్పుడు మూడో డిస్‌ప్లేపోర్టు పనిచేయడం లేదని తెలిసింది. కేబులు మార్చాను, డ్రైవర్‌ను డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తొలగించి మళ్లీ ఎక్కించాను, ఫలితం లేదు. అన్ని పోర్టులనూ చూడటానికి రెండు నిమిషాలు చాలేవి.

ఇంటికి తెచ్చాక మొదటి పని ప్యాడ్లు మార్చడం. ఈ పని నాకు నేర్పినంత పాఠం ఈ కార్డులోని మరే భాగమూ నేర్పలేదు. పాతవి విప్పితే కొన్ని పొడిబారి ముక్కలుగా ఊడాయి, కొన్ని జిగురుగా సాగాయి. నలిగిపోయిన పాత ప్యాడ్ల మందాన్ని సరిగా కొలవలేక, అంతటా రెండు మిల్లీమీటర్లవే వేశాను. మెమరీ వేడి వెంటనే 86కి దిగింది, పొంగిపోయాను. కానీ చిప్ వేడి అంతకు ముందు 74 ఉండేది 83 అయింది, హాట్‌స్పాట్, అంటే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు, ఏకంగా 106. ఈ రెండు అంకెల మధ్య సాధారణంగా పది పదిహేను డిగ్రీల తేడా ఉంటుంది. ఇరవై దాటిందంటే హీట్‌సింక్ చిప్ మీద సరిగా ఆనడం లేదని అనుమానించాలి. నా విషయంలో జరిగిందదే: మందపు ప్యాడ్లు హీట్‌సింక్‌ను పైకెత్తి పట్టుకున్నాయి. మళ్లీ విప్పి, మెమరీ వైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మెత్తని ప్యాడ్లు వేసి, చిప్ మీద పేస్టు పూసి, స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగించాను. అప్పుడు మెమరీ 88 దగ్గర, చిప్ 71 దగ్గర, హాట్‌స్పాట్ 83 దగ్గర నిలిచాయి. ఒకే కార్డు పేరుతో వేర్వేరు తయారీదారుల బోర్డులుంటాయి, వాటి ప్యాడ్ల మందాలు కూడా వేర్వేరు, కనుక నా కొలతలను మీ కార్డుకు వాడుకోవద్దు.

ఆ పేస్టు పూసి ఏడాదిన్నర తిరిగేసరికి హాట్‌స్పాట్ తేడా మళ్లీ పాతికకు చేరింది. కార్డు వేడెక్కి చల్లారుతుండగా పలుచని పేస్టు చిప్ మధ్య నుంచి అంచులకు నెట్టుకుపోతుంది. విప్పి చూస్తే మధ్యలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఈసారి పేస్టుకు బదులు పీటీఎమ్ 7950 అనే ఫేజ్ చేంజ్ షీటు వేశాను. అది మామూలు వేడిలో గట్టిగా ఉండి, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ ఉపరితలానికి అంటుకుపోతుంది. వేసిన తర్వాత ఇప్పటిదాకా ఆ తేడా 12 దాటలేదు. మొదటే ఇది వేసి ఉంటే ఒకసారి విప్పే శ్రమ తప్పేది.

గరగరమన్న ఫ్యానుకు స్టిక్కరు ఎత్తి చుక్క నూనె వేయమని చాలామంది చెబుతారు. వేశాను, మూడు వారాలు నిశ్శబ్దంగా తిరిగి మళ్లీ మొదలుపెట్టింది. అరిగిన బేరింగ్‌కు నూనె వాయిదా మాత్రమే. ఫ్యాను వెనక ముద్రించిన నంబరు చూసి అదే రకం మూడు ఫ్యాన్ల సెట్టు తెప్పించి బిగించాను, ఆ ఊసు అంతటితో పోయింది.

కార్డు పాడైపోయిందని నేను నిజంగా భయపడిన రోజు మాత్రం వేరే ఉంది. ఆట మధ్యలో కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగిపోయింది, నీలి తెర లేదు, హెచ్చరిక లేదు. వారంలో ఇలా మూడుసార్లు జరిగాక, అనుభవమున్న ఒకరు కార్డును కాకుండా పవర్ సప్లైని చూడమన్నారు. 3080 అధికారిక వాడకం 320 వాట్లు, దానికి 750 వాట్ల సప్లై ఉండాలని తయారీదారు సూచన. నా దగ్గరున్నది 650 వాట్లది, అదీ పాతది. ఈ తరం కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తమ సగటు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి, ఆ కుదుపుకు సప్లైలోని రక్షణ వ్యవస్థ కరెంటును ఆపేస్తుంది. 850 వాట్లది పెట్టి, ఒకే తీగ చివర రెండు కనెక్టర్లున్న కేబుల్‌ను తీసేసి, విడివిడిగా రెండు ఎనిమిది పిన్నుల కేబుళ్లు తగిలించాక అది మళ్లీ జరగలేదు. దానితోపాటు ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్‌ను 0.85 వోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌కు కట్టడి చేశాను. వాడకం 250 వాట్ల చుట్టుపక్కలకు దిగింది, ఆటల్లో వేగం తగ్గినట్టు అంకెల్లో తప్ప కంటికి తెలియదు. మైనింగ్ చేసినవారి ఈ ఒక్క అలవాటు నేనూ నేర్చుకోవలసినదే.

ఇక పనితీరు. 1440పీ రిజల్యూషన్‌లో ఈ కార్డు ఇప్పటికీ నాకు సరిపోతుంది. 2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4లోని (తక్కువ రిజల్యూషన్ చిత్రాన్ని ఏఐతో పెద్దది చేసే సాంకేతికత) కొత్త అప్‌స్కేలింగ్ మోడల్ ఈ పాత కార్డులకు కూడా అందడం వల్ల చిత్రం ముందుకంటే మెరుగ్గా కనిపిస్తోంది; మధ్యలో అదనపు ఫ్రేములను సృష్టించే ఫ్రేమ్ జనరేషన్ మాత్రం తర్వాతి తరాలకే పరిమితమైంది. నాకు అసలు అడ్డు తగులుతున్నది 10 జీబీ మెమరీ. ఈ మధ్య వచ్చిన కొన్ని ఆటల్లో టెక్స్‌చర్లు (వస్తువుల ఉపరితలాల చిత్రాలు) అత్యధిక స్థాయిలో పెడితే మెమరీ నిండిపోయి చిత్రం కుదుపులకు లోనవుతుంది, ఒక మెట్టు దించితే సర్దుకుంటుంది. మూడేళ్ల క్రితం నేను గీతల గురించీ తుప్పు గురించీ ఎంతో ఆలోచించాను, ఈ అంకె గురించి మాత్రం ఆలోచించలేదు. తళతళలాడే 3080 కొని ఉన్నా ఈ ఇబ్బంది ఇంతే ఉండేది.

స్క్రూడ్రైవర్ పట్టడానికి ఇష్టపడనివారికి ఈ స్థితిలోని కార్డును నేను సూచించను. ప్యాడ్లు, ఫ్యాన్లు, షీటు, మారిన పవర్ సప్లై, రెండు మూడు ఆదివారాలు కలుపుకుంటే నా బేరం మొదట అనుకున్నంత చవక కాలేదు.

వచ్చే ఏడాది దీన్ని అమ్మాలనే ఆలోచన ఉంది. వంగిన పలక, గీతలు, లేని స్క్రూ ఎలాగూ ఫొటోల్లో కనిపిస్తాయి. ప్రకటనలో మొదటి వాక్యంగా మాత్రం మూడో డిస్‌ప్లేపోర్టు పనిచేయదని రాస్తాను, దాని కింద హాట్‌స్పాట్ అంకెలూ మెమరీ పరీక్ష ఫలితమూ పెడతాను.